దోమంత కరెంటు

3వ తేదీ, సోమవారం

ఉదయం ఎనిమిదింటికి కారు లేవలేదు. తాళం తిప్పితే గొంతు పట్టేసినవాడిలా రెండుసార్లు కిర్రుమని ఊరుకుంది. మూడోసారి ఆ మాత్రం కూడా లేదు. టక్కుమని ఒక్క శబ్దం, అంతే.

వీధిలో వాళ్లు నలుగురొచ్చి తోశారు. నిన్న హాలుకు వెళ్లేముందు మా వీధిలోనే, వాళ్ల కిటికీల కింద మైకు పెట్టి గంటంపావు నరకం గురించి చెప్పాను. అందుకే కాబోలు, తోస్తూ తోస్తూ ఒకాయన, "ప్రసంగంలో ఉన్న ఊపు ఇంజన్లో లేదేంటండీ!" అన్నాడు. పైకి నవ్వాను.

కళ్లజోళ్ల దుకాణానికి నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాను. యజమాని గోడ గడియారం వైపు చూశాడు గానీ నావైపు చూడలేదు. అద్దాలు అరగదీస్తూ కూర్చున్నాను. చెయ్యి అద్దం మీద, మనసు బ్యాటరీ మీద.

బ్యాటరీ కొని ఏడాది కాలేదు. ఇది శత్రువు, ఆ సైతాను పని. దేవుని వాక్యం చెప్పేవాడి నోరు మూయించలేక వాడి బండి నోరు మూయిస్తున్నాడు.

ఒక్క మాట. వెనక సీటు కింద ఉన్నదానికీ దీనికీ సంబంధం లేదు. అది దోమ తాగినంత కరెంటు కూడా తాగదని అమ్మినవాడే చెప్పాడు. దాని గురించి ఇక రాయను.

4వ తేదీ, మంగళవారం

ఒక్క తిప్పుకే లేచింది. స్తోత్రం.

5వ తేదీ, బుధవారం

సాయంత్రం హాల్లో ప్రార్థన కూటం. మా ఆవిడ పాట ఎత్తుకుంటే వీధి చివరి మలుపు దాకా వినిపించిందని పాలాయన చెప్పాడు. ఆ పాట విని లోపలికి వచ్చినవాళ్లకు నేను వాక్యం చెబుతాను. పద్నాలుగేళ్లుగా మా పని అలా సాగుతోంది. ఆమె తలుపు తీస్తుంది, నేను లోపల కూర్చోబెడతాను.

చివర్లో అందరూ చప్పటి టీ తాగారు. ముందు వరస ముసలమ్మ ఎప్పటిలాగే గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకా ఎన్నాళ్లు బాబూ ఈ కషాయం?" అంది. నాలుకను జయించనివాడు నరకాన్ని జయించలేడని చెప్పాను. "నాలుకతో నాకేం పేచీ లేదు నాయనా, టీతోనే" అంది.

నాకు చక్కెర జబ్బుందని డాక్టరు చెప్పిన వారమే చక్కెర మీద యుద్ధం ప్రకటించాను. రెండేళ్లయింది. హాల్లో చక్కెర డబ్బాను అందరి ముందూ గుమ్మం దాటించాను. ఇంట్లో డబ్బాను ఆవిడే కడిగి, తుడిచి, అటక మీద పెట్టేసింది. ఆమెకు ఏ జబ్బూ లేదు. అయినా ఆ రోజు నుంచి ఆమె తాగేదీ చప్పటి టీయే.

నేను హాలుకు తాళాలు వేసేలోపు ఆవిడ కారు వెనక సీట్లో లోపలి లైటు వేసుకుని పాటల పుస్తకం చూసుకుంది. ఇంటికొచ్చాక ఆమె లోపలికి వెళ్లింది. నేను కారులోనే కాసేపు ఏకాంత ప్రార్థన చేసుకున్నాను.

6వ తేదీ, గురువారం

మళ్లీ చచ్చింది.

బావమరిది వచ్చి తన బండి నుంచి వైర్లు తగిలించి లేపాడు. కూటాల్లో మైకు సెట్టు చూసేది వాడే. వైర్ల విషయంలో తనకే అన్నీ తెలుసనుకుంటాడు.

"బావా, లోపలి లైటు గానీ వదిలేశావా?"

"నేనా? నేను వదిలేస్తానా?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు?"

ఆ మాట అని వాడు వైర్లు చుట్టుకోసాగాడు. వాడు పైకి అననిది, అక్క అని. నేను పైకి అననిది, దోషి దొరికిందని.

7వ తేదీ, శుక్రవారం

ఆవిడను అడిగాను.

"ఆర్పాను" అంది.

"సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"ఆర్పానండీ. టక్కుమన్న శబ్దం కూడా గుర్తుంది."

"శబ్దం గుర్తుండటం వేరు, ఆర్పటం వేరు."

ఆమె బట్టలు మడత పెడుతోంది. చేతిలో ఉన్న నా చొక్కాను ఒకసారి దులిపి, జేబులు తిరగేసి చూసి, నావైపు చూసింది. "గుర్తుండటం వేరే, చెయ్యటం వేరే. అంతేనంటారా?" అంది. అవునన్నాను. ఆ చూపు దేనికో నాకు అర్థం కాలేదు.

9వ తేదీ, ఆదివారం

ఈ రోజు ప్రసంగం దీపాల గురించి. పెళ్లికొడుకు కోసం ఎదురుచూస్తూ, నూనె చూసుకోకుండా నిద్రపోయిన ఆ అమ్మాయిల మీద. మొదటి అరగంట చాలా బాగా సాగింది. ఆ తర్వాత ఆవేశం వచ్చింది. ఆవేశం వచ్చినప్పుడు మాట నాది కాదు, నోరు మాత్రమే నాది.

"అలాంటివాళ్లు ఎక్కడో లేరు! మన ఇళ్లలోనే ఉన్నారు! ఆర్పాల్సిన దీపాన్ని వెలిగించి వదిలేసి, అడిగితే ఆర్పానని చెప్పేవాళ్లు! ఎక్కడికో వెళ్లి వెతకక్కర్లేదు, నా కారు బ్యాటరీని అడగండి!"

అందరూ నవ్వారు. నవ్వి, ఎడమ వైపు మొదటి వరసకేసి చూశారు.

ఆమె పాటల పుస్తకం మూసింది. చివరి పాట లేదు. నేను మైకులో రెండుసార్లు "ఇప్పుడు పాట" అన్నాను. ఆమె చెప్పులు వేసుకుని నడిచి ఇంటికి వెళ్లిపోయింది. రెండు కిలోమీటర్లు.

నేను కారులో ఒక్కణ్నే వచ్చాను. ఏకాంత ప్రార్థన.

10వ తేదీ, సోమవారం

చచ్చింది.

నిన్న కూటం అయ్యాక ఆమె కారెక్కనే లేదు. ఆలోచించగా, బుధవారం నాటి లైటు దెబ్బ బ్యాటరీ లోపల ఇంకా ఉండి ఉంటుందని తోచింది. పాపఫలం వెంటనే కనపడాలని ఎక్కడా లేదు.

ఈ సంగతే టీ తాగుతూ చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఒక పని చెయ్యండి. బ్యాటరీ ఎందుకు చస్తోందో కనిపెట్టండి. నా వల్లే అని తేలితే ఆ మైకు ముందు నిలబడి నేనే ఒప్పుకుంటాను. కాదని తేలితే మీరు ఒప్పుకోండి. అదే మైకు, అదే జనం. అప్పటిదాకా నేను పాడను."

"పాట నీది కాదు. దేవుడిది."

"అయితే ఆయన్నే పాడమనండి."

నేను పరిశుద్ధ గ్రంథం తెరిచాను. ఆమె గుమ్మం దాకా వెళ్లి, "ఆ తోటలో మొదటి మొగుడు కూడా, పండు ఎందుకు తిన్నావని దేవుడు అడగ్గానే పెళ్లాన్నే చూపించాడు. మీరేం కొత్తగా కనిపెట్టలేదు" అనేసి వెళ్లింది.

దానికి జవాబు కోసం మూడు అధ్యాయాలు వెతికాను. దొరకలేదు.

12వ తేదీ, బుధవారం

పాట లేకుండా కూటం. తలుపు తీసేవాళ్లు లేరు, లోపల కూర్చోబెట్టేవాడు ఉన్నాడు. నలభై మూడు మంది రావాల్సిన చోట ఇరవై తొమ్మిది మంది వచ్చారు. మౌనం భరించలేక ముసలమ్మ ఎవరూ అడక్కుండానే పాట మొదలెట్టింది. అది ఆమె చిన్నప్పటి ఉయ్యాల పాట వరస. మూడో చరణానికి ముగ్గురు నిద్రపోయారు.

ఆవిడ మొదటి వరసలోనే చేతులు కట్టుకుని కూర్చుంది. రాకపోయినా బాగుండేది.

మనసు బాగోలేదు. ఏకాంత ప్రార్థన.

13వ తేదీ, గురువారం

చచ్చింది.

అయితే ఇవాళ నాకు వెలుగు కలిగింది! పోయిన నెల బావమరిది కారుకు కొత్త హారన్ బిగించాడు. అది నొక్కితే ఓడ వచ్చినట్టుంటుంది. అంత పెద్ద నోరున్నది ఊరికే కూర్చుంటుందా? దగ్గర నిలబడి పీకించాను.

14వ తేదీ, శుక్రవారం

లేచింది! హారనే. ఆదివారం మైకులో చెప్పేస్తాను: తప్పు నా భార్యది కాదు, ఆమె తమ్ముడిది.

ఈ సంగతి వాడికి ముందుగా చెప్పటం ధర్మమని ఫోను చేశాను. వాడు అంతా విని, "మొన్నటి శుక్రవారం కూడా లేచింది కదా బావా, అప్పుడు హారన్ బండికే ఉందిగా?" అన్నాడు.

చదువు లేనివాళ్లతో ఇదే బాధ. లెక్కలు మాత్రం వస్తాయి.

15వ తేదీ, శనివారం

బ్యాటరీ దుకాణానికి వెళ్లాను. దుకాణం నడిపే ఆవిణ్ని అందరూ మీటరమ్మ అంటారు. మెడలో గొలుసులా ఎప్పుడూ ఒక మీటరు వేలాడుతుంటుంది. ఎవరు ఏం చెప్పినా ముందు మీటరునే అడుగుతుంది.

బ్యాటరీ చూసింది. బాగుందంది. ఇంజను నడిపించి చార్జింగు చూసింది. అదీ బాగుందంది.

"బ్యాటరీ మంచిదే అయ్యగారూ. నింపేదీ సరిగ్గానే నింపుతోంది. అంటే బండి నిద్రపోయాక ఎవరో మెలకువగా ఉండి తాగుతున్నారు."

"సైతాను" అన్నాను.

"అయ్యుండొచ్చు. కానీ వాడు కూడా వైరు ద్వారానే తాగాలి." ముక్కు మీది కళ్లజోడు పైకి తోసుకుంది. ఆ జోడు అద్దాలు నేను అరగదీసినవే. "ఏ రోజుల్లో చస్తోంది?"

జేబులో నుంచి ఈ డైరీ తీసి తేదీలు చదివాను. మూడు, ఆరు, పది, పదమూడు.

"సోమవారం, గురువారం. సోమవారం, గురువారం. మరి ముందు రోజు సాయంత్రం ఏం చేస్తారు?"

"దేవుని పని. ఆదివారం, బుధవారం మా కూటాలు. చూశావా అమ్మా! శత్రువు సరిగ్గా ఆ రోజులే ఎంచుకున్నాడు!"

"కూటం అయ్యాక?"

"ఏకాంత ప్రార్థన."

"ఎక్కడ?"

"...కారులో."

ఆమె కారు వైపు ఒకసారి చూసింది. బండి ఒక పూట వదిలి వెళ్లమంది. ఒక్కొక్క ఫ్యూజూ పీకి చూస్తే దొంగ ఎక్కడున్నాడో తెలిసిపోతుందట. "వెనక సీటు కూడా విప్పాల్సి రావచ్చు" అంది.

పని ఉందని చెప్పి వచ్చేశాను. పని ఉంది కూడా. రేపటి ప్రసంగం తయారు చేసుకోవాలి.

16వ తేదీ, ఆదివారం

దాచిన సొత్తు కథ చెప్పాను. తొమ్మిదిసార్లు చెప్పిన కథ, కళ్లు మూసుకున్నా చెప్పగలను. పెద్ద సైన్యం, చిన్న ఊరి చేతిలో ఓడిపోతుంది. ఎందుకు ఓడిందో తెలియదు. నాయకుడు నేల మీద పడి ఏడుస్తాడు. ఏడవకు, లేచి వెతుకు అని పైనుంచి ఆజ్ఞ. గోత్రం తర్వాత గోత్రం, వంశం తర్వాత వంశం, ఇల్లు తర్వాత ఇల్లు, చివరికి మనిషి తర్వాత మనిషి ముందుకొస్తారు. ఒకడు మిగులుతాడు. వాడి గుడారం కింద తవ్వితే...

అక్కడ ఆగిపోయాను. ఏం దొరికిందో నోటికి రాలేదు. మైకు గుయ్యిమంటోంది. బావమరిది కంగారుగా మీటలు తిప్పుతున్నాడు, తప్పు మైకుదనుకుని. ముసలమ్మ అందించింది: "మంచి అంగీ, వెండి, బంగారం. చెప్పు బాబూ, టీ చల్లారిపోతోంది."

ఇరవై ఇద్దరు వచ్చారు. పాట లేదు. ఆమె నన్ను కన్నార్పకుండా చూస్తూ కూర్చుంది.

మా కళ్లజోళ్ల దుకాణానికి ఎదురుగా ఉన్న దుకాణం ఎందుకో ఇవాళ మూసి ఉంది. ఏకాంత ప్రార్థన లేదు.

17వ తేదీ, సోమవారం

ఒక్క తిప్పుకే లేచింది. సోమవారమైనా లేచింది.

ఎదురు దుకాణం మూసి ఉండటానికీ, కారు లేవటానికీ ఏ సంబంధమూ లేదు.

సంబంధం లేదు.

19వ తేదీ, బుధవారం

పద్దెనిమిది మంది. ఎదురు దుకాణం తెరిచారు.

20వ తేదీ, గురువారం

చచ్చింది. కొత్త కళ్లజోడు అద్దాలు సరిపోయాయో లేదో చూడటానికి ముసలమ్మను దుకాణానికి తీసుకెళ్తానని మాటిచ్చాను. ఆమె ముందు సీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు కూర్చుంది. నేను తాళం తిప్పుతున్నాను, టక్కు, టక్కు. చివరికి దిగిపోయింది. "నీ బండికన్నా నా మోకాళ్లే నయం. దానికి ప్రార్థన చేసే బదులు ఒకసారి విప్పి చూడరాదూ?" అంది. నా చేతిలో తన చెయ్యి వేసి, "అమ్మాయి పాడక మూడు కూటాలయింది నాయనా. నాకేమో ఇంకెన్ని కూటాలు మిగిలున్నాయో తెలీదు" అంది.

నడిచి వెళ్లిపోయింది. వెనక నుంచి చాలాసేపు కనిపించింది, అంత మెల్లగా వెళ్లింది.

బావమరిది వచ్చి బండి లేపాడు. పగలంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మనసు బొత్తిగా బాగోలేదు. సాయంత్రం, గురువారమైనా సరే, ఏకాంత ప్రార్థన. చాలాసేపు.

21వ తేదీ, శుక్రవారం

అంతా రాయాలి. ఒక్క ముక్క వదలకుండా రాయాలి.

ఉదయం కారు చచ్చింది. ఎప్పుడూ చావని శుక్రవారం చచ్చింది. నేను లోపలికెళ్లి గ్రంథం తీసుకుని బయటికొచ్చేసరికి బావమరిది మీటరమ్మను వెంటబెట్టుకుని గేటు దగ్గరున్నాడు. ఆమె నిండు బ్యాటరీ ఒకటి చంకలో బిడ్డలా పెట్టుకుని వచ్చింది. మా ఆవిడ అరుగు మీద కూర్చుంది, తీర్పు వినటానికి వచ్చినట్టు.

"ఇప్పుడు వద్దులే, దుకాణానికి ఆలస్యమవుతుంది" అన్నాను.

"మీ దుకాణానికి నేనే ఫోను చేసి చెప్పాను" అంది మా ఆవిడ. పదకొండు రోజుల్లో నాతో మాట్లాడిన మొదటి మాట.

కొత్త బ్యాటరీ పెట్టి, దాని ఒక వైరు విప్పి, ఆ సందులో మీటరు కలిపింది. తలుపులన్నీ మూయించింది. బండి నిద్రపోవాలట, అరగంట ఎవరూ ముట్టుకోకూడదట. నలుగురం నిలబడి కారు నిద్రపోవటం చూశాం. ఇంత సేపు నిశ్శబ్దంగా నేను ఏ కూటంలోనూ నిలబడలేదు.

"చూడండి, నాలుగు ఆంపియర్లు" అంది మీటరమ్మ. "నిద్రపోయే బండి తాగాల్సినదానికి ఇది ఎనభై రెట్లు."

"ఏదో దోమంత తాగేది ఉంటే..."

"దోమా? ఇది ఏనుగు అయ్యగారూ. తొట్టిలో తొండం పెట్టింది."

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకటం మొదలెట్టింది. పీకినప్పుడల్లా పేరు చెబుతోంది, మీటరు చూస్తోంది. రేడియో: నాలుగే. వెనక దీపాలు: నాలుగే. అద్దాలు తుడిచేది: నాలుగే. గోత్రం తర్వాత గోత్రం. నా చేతిలో గ్రంథం చెమటకు తడుస్తోంది.

"ఇది లోపలి లైటుది" అని ఒక చిన్న ఫ్యూజు పైకెత్తి చూపించింది. అందరం మీటరులోకి వంగాం. నాలుగే.

"లైటు కాదమ్మా" అంది, మా ఆవిడ వైపు తిరిగి.

ఆవిడ కనీసం నావైపు చూడనైనా లేదు. చూసి ఉంటే బాగుండేది.

చివరి ఫ్యూజు కూడా పీకింది. పద్దెనిమిది ఫ్యూజులూ బానెట్ మీద వరసగా పడుకుని ఉన్నాయి, అందరూ నిర్దోషులే. మీటరు మాత్రం నాలుగు దగ్గరే ఉంది.

"అంటే ఫ్యూజులకు లెక్క చెప్పని వైరు ఒకటుంది. బ్యాటరీ నుంచి నేరుగా, ఎవరికీ చెప్పకుండా లాగారు." వంగి, బ్యాటరీ వెనక వేలు పెట్టి తడిమింది. "ఇదిగో. పనివాళ్ల పని కాదు ఇది. టేపు చుట్టిన తీరు చూడండి, విరిగిన కాలికి కట్టు కట్టినట్టుంది."

"చుట్టిన తీరుకేమైంది? మూడు వరసలు చుట్టాను!"

నా నోట్లో నుంచే వచ్చింది. నేనే విన్నాను.

బావమరిది నావైపు చూశాడు. మీటరమ్మ మీటరు వైపు చూసింది. మా ఆవిడ అరుగు మీద నుంచి లేచింది.

మీటరమ్మ వైరు పట్టుకుని పోయింది. కాళ్ల కింది పట్టా ఎత్తింది, తలుపు అంచు వెంట పోయింది, వెనక సీటు కిందికి చెయ్యి పెట్టింది. ఇల్లు తర్వాత ఇల్లు, మనిషి తర్వాత మనిషి. నరకం మీద కరపత్రాలున్న అట్టపెట్టెను పక్కకు జరిపింది. దాని వెనక నుంచి నీలం రంగు చిన్న ఫ్రిజ్ పెట్టెను బయటికి లాగింది. దుమ్ములో కూడా గుర్రుమంటూ పని చేస్తూనే ఉంది.

మూత తీసింది. ఎదురు దుకాణంలో కొన్న ఐస్‌క్రీం కప్పులు, నాలుగు. రెండు నిండువి, రెండు ఖాళీవి. కప్పులు కొన్న రోజే పెట్టె మీట వేస్తాను, మర్నాటికి అవి అయిపోగానే ఆర్పేస్తాను. అవి ఆ పెట్టెలో పూర్తిగా గడ్డకట్టవు, పూర్తిగా కరగవు, మా సంఘంలో చాలామంది విశ్వాసంలాగా. ఈ ఉపమానం నాకు ఆరు నెలల కిందటే తోచింది. ఎక్కడా వాడుకోలేకపోయాను.

"బావా!" అన్నాడు వాడు. వాడు రెండేళ్లుగా చప్పటి టీ తాగుతున్నాడు. వాడికి టీ అంటే ప్రాణం.

"ఆ అమ్మినవాడు దోమంత అన్నాడు" అన్నాను. నా గొంతు మైకు లేకుండా ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

మా ఆవిడ లోపలికి వెళ్లింది. ఇక బట్టలు సర్దుకుంటుందనుకున్నాను. అటక కింద బల్ల జరిపిన చప్పుడైంది. పాత చక్కెర డబ్బాతో తిరిగొచ్చింది. మూత తీసి అరుగు మీద బోర్లించింది. గలగలమని చెక్క చెంచాలు. ఐస్‌క్రీం చెంచాలు. కడిగి, ఆరబెట్టి దాచినవి.

"ముప్ఫై ఏడు" అంది. "చొక్కాలు ఉతికేటప్పుడు జేబుల్లో దొరికినవి. కప్పు పారేసేవారు, చెంచా పారేయటం మర్చిపోయేవారు."

"తెలిసి... ఎందుకు అడగలేదు?"

"అడిగితే ప్రసంగం చెబుతారని. ఈ పెట్టె సంగతి నాకూ తెలీదు. తింటున్నారని తెలుసు, అంతే. మీరే ఏదో ఒక రోజు చెబుతారనుకున్నాను. చెప్పకపోగా నన్ను మైకులో నిలబెట్టారు."

నేను తల వంచుకున్నాను.

"నేను చప్పటి టీ ఎందుకు తాగుతున్నానో తెలుసా?" అంది. "మీ ప్రసంగం విని కాదు. మీ ఒక్కరి గ్లాసే వేరుగా ఉండకూడదని."

చెంచాలన్నీ ఏరి మళ్లీ డబ్బాలో వేసుకుని లోపలికి వెళ్లిపోయింది. మీటరమ్మ నా వైరును బ్యాటరీ దగ్గర కత్తిరించి, చుట్ట చుట్టి నా చేతిలో పెట్టింది. పాత బ్యాటరీని చార్జింగుకు తీసుకెళ్తూ చెప్పింది: "ఇన్నిసార్లు చచ్చి బతికింది అయ్యగారూ, దీని నడుం విరిగింది. ఇక చిన్న దీపం మర్చిపోయినా తట్టుకోలేదు. కొన్నాళ్లు జాగ్రత్తగా చూసుకోండి."

బ్యాటరీ గురించే అంది.

22వ తేదీ, శనివారం

మీటరమ్మ పాత బ్యాటరీని నింపి తెచ్చి తిరిగి బిగించింది. రేపటికి ప్రసంగం రాసుకోలేదు. గ్రంథం తెరిచాను, మూశాను.

23వ తేదీ, ఆదివారం

ఉదయం లేచి మొదట అనుకున్నది ఇదీ: కథలా చెబుదాం. "ఒక మనిషి ఉన్నాడు" అని మొదలెడదాం. అర్థమయ్యేవాళ్లకు అర్థమవుతుంది.

హాల్లో పందొమ్మిది మంది. ఆమె ఎడమ వైపు మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. మైకు ముందుకెళ్లాను. బావమరిది దగ్గరగా వచ్చి, "బావా, సౌండు కొంచెం తగ్గించనా? వీధిలోకి పోకుండా?" అన్నాడు. వాడు మంచివాడు. వాడి హారన్ తిరిగి బిగించాలి.

"తగ్గించకు. ఆ రోజు ఎంత ఉందో అంతే పెట్టు" అన్నాను.

"ఒక మనిషి ఉన్నాడు" అన్నాను. అని ఆగాను. ఆమె కళ్లు దించుకుంది. "ఆ మనిషి నేను" అన్నాను.

ఆ తర్వాత ఆవేశం రాలేదు. నోరూ నాదే, మాటా నాదే. లైటు నా భార్య ఆర్పిందని చెప్పాను. ఆర్పానని ఆమె చెబితే నమ్మలేదని చెప్పాను. బ్యాటరీని తాగింది వెనక సీటు కింద నేను పెట్టిన పెట్టె అని, వైరు లాగింది నేనని, మీ అందరి టీలో చక్కెర తీయించి నేను కారులో ఐస్‌క్రీం తిన్నానని, దానికి ఏకాంత ప్రార్థన అని పేరు పెట్టానని చెప్పాను. వారానికి రెండుసార్లు, కొన్నిసార్లు మూడు. మూడు నిమిషాల్లో అయిపోయింది. నా జీవితంలో అంత చిన్న ప్రసంగం చెప్పలేదు.

వెనక ఎవరో దగ్గారు. అప్పుడు ముందు వరస నుంచి:

"అయితే ఇవాళ టీలో చక్కెర వేసుకోవచ్చా బాబూ?"

మొదట బావమరిది నవ్వాడు. తర్వాత హాలంతా నవ్వింది. ఈసారి వాళ్లు నావైపే చూసి నవ్వారు. భరించాను. అంత కష్టంగా ఏం లేదు.

ఆ నవ్వు ఇంకా ఆగకముందే పాట మొదలైంది. ఆమె పుస్తకం తెరవలేదు, కూర్చున్నచోటనే ఎత్తుకుంది. పందొమ్మిది మందీ అందుకున్నారు. వీధి మలుపు దాకా పోయే ఉంటుంది. రెండో చరణానికి గుమ్మంలో ముగ్గురు నిలబడి ఉన్నారు, చెప్పులు విప్పుదామా వద్దా అని చూస్తూ. వాళ్లలో ఒకాయన ఆ రోజు మా వీధిలో కారు తోసినాయనే, అటుగా పోతూ ఆగాడు.

తర్వాత ఆమె సంచీలో నుంచి పాత చక్కెర డబ్బా తీసింది. ఈసారి నిండా చక్కెర. చెక్క చెంచాలతో అందరి గ్లాసుల్లో వేసింది. తన గ్లాసులో రెండు చెంచాలు వేసుకుని, మెల్లగా, చాలాసేపు కలుపుకుంది. నా గ్లాసు చప్పగానే చేతికిచ్చింది.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం" అంది.

"సరే" అన్నాను.

26వ తేదీ, బుధవారం

ముప్ఫై ఎనిమిది మంది. డాక్టరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నా ప్రసంగాల్లో అంత పదును ఎప్పుడూ లేదు.

కూటం అయ్యాక ఇంటి ముందు కారు ఆపి, అలవాటు కొద్దీ కూర్చుండిపోయాను. ఆవిడ దిగలేదు. "ఏకాంత ప్రార్థనా?" అంది. అవునన్నాను. "నేనూ కూర్చుంటాను" అని లోపలి లైటు వేసుకుని పాటల పుస్తకం తెరిచింది. ఆదివారానికి కొత్త వరస ఒకటి కూనిరాగం తీసింది. నేను కళ్లు మూసుకున్నాను. ఈ కారులో నిజంగా ప్రార్థన చేయటం నాకు ఇదే మొదటిసారి. ఎంతసేపు కూర్చున్నామో చూసుకోలేదు. కబుర్లు చెప్పుకుంటూనే దిగి లోపలికి వెళ్లాం.

27వ తేదీ, గురువారం

చచ్చింది.

తలుపు తీసి చూశాను. లోపలి లైటు కొన ఊపిరితో ఎర్రగా మినుకుమంటోంది. పాటల పుస్తకం వెనక సీట్లో తెరిచే ఉంది.

ఆర్పేశాను. టక్కుమన్న శబ్దం బాగా గుర్తుంది.

తోయటానికి వీధిలో వాళ్లు వచ్చారు. "మళ్లీ ఏమైందండీ?" అన్నాడు ఆయన.

"లైటు ఆర్పటం మర్చిపోయాను" అన్నాను.

అరుగు మీద నుంచి ఆవిడ వింది. నేను పుస్తకం తీసుకెళ్లి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని మూసి ఒళ్లో పెట్టుకుంది.

ఇది ఇక్కడ రాసుకుంటున్నాను. మైకులో చెప్పను.